"లెక్కలొస్తే ఇంజనీరింగే" అనే ముందు: పిల్లలకు దారి చెప్పేవాళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపాధ్యాయులకు, కెరీర్ సలహాదారులకు,

హైస్కూలు చివరి ఏడాదిలో పిల్లలు మీ ఎదుట కూర్చున్నప్పుడు మీరు అడిగే మొదటి ప్రశ్న మాకు తెలుసు. లెక్కలు బాగా వస్తాయా? వస్తాయంటే ఇంజనీరింగ్, రావంటే ఇంకేదైనా. ఆ ఒక్క ప్రశ్న మీద నడిచి, తమకు నప్పని పనిలోకి వస్తున్న పిల్లలున్నారు. అంతకన్నా మనసుకు కష్టం కలిగించేది ఇంకొకటుంది. ఈ పనికే పుట్టారా అనిపించే పిల్లలు ఆ ప్రశ్న దగ్గరే వెనక్కి మళ్లిపోతున్నారు. మేం సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, సాఫ్ట్‌వేర్ శాఖల్లో పని చేస్తున్నవాళ్లం. మీ ఉద్దేశాన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. మా పని లోపల ఎలా జరుగుతుందో బయటివాళ్లకు కనపడదు. దాన్ని వీలైనంత దగ్గరగా చూపిద్దామని ఈ లేఖ.

ముందు లెక్కల సంగతే చూద్దాం. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకోండి. బల్ల అంచు నుంచి 10 సెంటీమీటర్లు బయటికి ఉండేలా ఒక చేత్తో గట్టిగా అదిమిపట్టి, కొసన ఒక చిన్న బరువు వేలాడదీయండి. కొస ఎంత కిందికి దిగిందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు స్కేలును 20 సెంటీమీటర్లు బయటికి లాగి అదే బరువు వేలాడదీస్తే ఎంత దిగుతుంది? రెండింతలని చాలామంది అంటారు. నిజానికి దాదాపు ఎనిమిదింతలు దిగుతుంది, ఎందుకంటే వంగడం పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి చూడండి. వెడల్పు 30 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు అయితే, నిలబెట్టిన స్కేలు పడుకోబెట్టిన దానికన్నా 100 రెట్లు బిగువుగా ఉంటుంది. అదే ప్లాస్టిక్, అదే బరువు, తిప్పి పట్టుకున్నాం అంతే. కప్పు మోసే దూలాలకు వెడల్పుకన్నా లోతు ఎందుకు ఎక్కువ ఉంటుందో దీంతో తెలిసిపోతుంది.

సూత్రం తెలియకపోయినా, "నిలబెడితే వంగదు కదా, ఎందుకని?" అని అడిగే పిల్ల దగ్గర మాకు కావలసిన సరుకుంది. సూత్రం తర్వాత నేర్పవచ్చు. సూత్రం కంఠతా వచ్చి, స్కేలును తిప్పి చూడాలన్న ఆలోచన రాని పిల్లవాడికి ఆ ఆలోచన నేర్పడం చాలా కష్టం. కాలిక్యులస్ అక్కర్లేదని మేం అనడం లేదు. నాలుగేళ్ల చదువులో దాన్ని దాటకుండా ఎవరూ ముందుకు పోలేరు, దాటాలి కూడా. ఏ అంశం ఫలితాన్ని ఎంత మారుస్తుందన్న పట్టు అక్కడే దొరుకుతుంది. అయితే ఉద్యోగంలో చాలామంది ఇంజనీర్లు రోజూ చేసే లెక్క కూడికలు, గుణకారాలు, నిష్పత్తులు, కొలమానాల మార్పిడి. పెద్ద తప్పులు కూడా ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

1999 సెప్టెంబరులో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి దగ్గర పోయింది. థ్రస్టర్లు (నౌక దిశ సరిచేసే చిన్న రాకెట్లు) ఇచ్చిన తోపును భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండు-సెకన్లలో లెక్కగట్టి పంపితే, దాన్ని అందుకున్నది న్యూటన్-సెకన్లుగా తీసుకుంది. ఒకటికి 4.45 రెట్ల తేడా. దాదాపు 226 కిలోమీటర్ల ఎత్తున గ్రహం పక్కగా వెళ్లాల్సిన నౌక 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. కక్ష్యను లెక్కించే గణితంలో ఏ పొరపాటూ లేదు. అంకె పక్కన యూనిట్ ఏమిటని అడిగి సరిచూసుకోవడం ఒక్కటే జరగలేదు. అందుకే పిల్లల మార్కుల పట్టీ చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోమని కోరుతున్నాం. లెక్కల్లో నూటికి 65 తెచ్చుకుని, ప్రతి జవాబు పక్కనా యూనిట్ రాసి, "ఇంత పెద్ద అంకె వచ్చిందేమిటి?" అని ఆగి వెనక్కి చూసుకునే పిల్లను ఈ దారికి పనికిరాదని పంపేయకండి.

ఈ మధ్య దీనికి ఎదురు మాట కూడా వింటున్నాం. లెక్కలన్నీ కంప్యూటరే చేస్తుంది కాబట్టి ఇక ఇంజనీరుతో పనేముందని. రెండు చివర్లా ఆధారం ఉన్న ఒక దూలాన్ని విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో పెట్టామనుకోండి. దూలం చివర్లు ఊరికే ఆని ఉన్నాయా, కదలకుండా బిగించి ఉన్నాయా అని అది అడుగుతుంది. బరువు దూలం పొడవంతా సమంగా పరుచుకుని ఉంటే, బిగించి ఉన్నాయని నొక్కినప్పుడు మధ్యలో వంపు, ఆని ఉన్నప్పటి వంపులో అయిదో వంతే వస్తుంది. రెండు ఫలితాలూ ఒకేలాంటి అందమైన రంగుల బొమ్మలో కనిపిస్తాయి. సైట్‌లో ఆ దూలాన్ని ఎలా కలిపారో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. వాస్తవంలో చాలా జాయింట్లు పూర్తిగా బిగువూ కావు, పూర్తిగా వదులూ కావు. ఏ ఊహ తీసుకుంటే భద్రమో, ఆ ఊహ తప్పయితే ముందు ఏది పాడవుతుందో తేల్చుకుని, కాగితం మీద రెండు వరుసల లెక్కతో కంప్యూటర్ జవాబును సరిచూసుకోవడం మనిషి పని. సాధనం ఎంత వేగంగా జవాబిస్తే ఆ పని అంత పెరుగుతుంది.

మరో అపోహ, ఇంజనీరింగంటే కొత్తవి కనిపెట్టడమని. కనిపెట్టేవాళ్లు ఉన్నారు, కొద్దిమంది. మిగతావాళ్లం ఎక్కువ సమయం ఉన్నవాటిలోంచి సరైనదాన్ని ఎంచుకోవడంలో, అది పాడవకుండా చూడడంలో గడుపుతాం. వినడానికి చప్పగా ఉంటుంది కానీ మాలో చాలామందికి ఇష్టమైన పని ఇదే. ఒక్క బోల్టును దగ్గరగా చూడండి.

12 మిల్లీమీటర్ల బోల్టు తల మీద 8.8 అని చెక్కి ఉంటుంది. మొదటి 8ని వందతో హెచ్చవేస్తే 800. ప్రతి చదరపు మిల్లీమీటరుకు కనీసం ఇన్ని న్యూటన్ల లాగుడు దాకా అది తెగకూడదని అర్థం. చుక్క తర్వాతి 8 అందులో పదింట ఎనిమిదో వంతు, అంటే 640 దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని చెబుతుంది. సాధారణ పిచ్ మరలున్న ఈ బోల్టులో బలం మోసే అడ్డుకోత 84.3 చదరపు మిల్లీమీటర్లు. ప్రమాణాల ప్రకారం, సాగకుండా భరించగలదని పరీక్షించే హద్దు 580. రెండూ హెచ్చవేస్తే దాదాపు 48,900 న్యూటన్లు, అంటే సుమారు అయిదు టన్నుల బరువంత లాగుడు. అందులో 75 శాతం, అంటే 36,700 న్యూటన్ల దాకా బిగించాలని నిర్ణయించామనుకుందాం. టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, మామూలుగా వాడే లెక్క చాలా చిన్నది: ఘర్షణను బట్టి మారే గుణకం 0.2, లాగుడు 36,700, వ్యాసం 0.012 మీటర్లు, మూడూ హెచ్చవేస్తే 88 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్‌ను 88కి పెట్టి టిక్కుమనేదాకా తిప్పితే పనైపోయినట్టే అనిపిస్తుంది.

పని ఇక్కడే మొదలవుతుంది. రెంచ్ మీద మనం పెట్టే బలంలో పదో వంతు మాత్రమే బోల్టును లాగడానికి పోతుంది. మిగిలినదంతా నట్టు కిందా మరల్లోనూ ఘర్షణకు ఖర్చవుతుంది. ఎవరో మంచి మనసుతో మరలకు నూనె రాశారనుకోండి, గుణకం 0.2 నుంచి 0.15కి పడిపోతుంది. అదే 88 దగ్గర రెంచ్ టిక్కుమంటుంది కానీ బోల్టులో లాగుడు 48,900 దాకా పోయి పరీక్ష హద్దును తాకుతుంది. ఇంకా జారుడు గ్రీజు రాసి గుణకం 0.12 అయితే లాగుడు 61,000 దాటుతుంది, బోల్టు సాగిపోతుంది. తుప్పు పట్టి గుణకం 0.3 అయితే 24,000 దగ్గరే ఆగిపోయి, కొన్నాళ్ల అదురుకు నట్టు వదులవుతుంది. వాషర్ కింద మందంగా పెయింట్ ఉంటే ఆ పొర మెల్లగా నలిగి, సరిగ్గా బిగించిన బోల్టు కూడా బిగువు కోల్పోతుంది. రెంచ్ మాత్రం అన్నిసార్లూ ఒకేలా టిక్కుమంటుంది.

ఇందులో గుణకారం చేయడానికి అయిదు నిమిషాలు చాలు. "మరలకు ఏమైనా రాశారా? వాషర్ కింద పెయింట్ ఉందా? బిగించినవాళ్లకు డ్రాయింగ్ మీద ఈ సంగతి రాసి ఇచ్చామా?" అని అడగడం ఇంజనీరింగ్. ఆ ప్రశ్నలకు జవాబు బోల్టు బిగించే మనిషి దగ్గర ఉంటుంది. ఏళ్ల తరబడి స్పానర్ పట్టిన మెకానిక్‌తో మర్యాదగా కూర్చుని మాట్లాడి, విని, నేర్చుకోలేనివాళ్లు ఈ పనిలో రాణించరు. ఇంజనీరంటే ఆఫీసులో కూర్చుని ఆజ్ఞలిచ్చేవాడనీ, చేతిపని తక్కువదనీ పిల్లల తలల్లో పడితే, దాన్ని తీసేయడానికి మాకు ఏళ్లు పడుతోంది. అది నిజం కాదని వాళ్లకు మీరు ముందే చెబితే బాగుంటుంది.

ప్రతి సమస్యకూ పుస్తకం చివర ఒక సరైన జవాబుంటుందని నమ్మి వచ్చే పిల్లలు మొదటి ఉద్యోగంలోనే తల్లడిల్లిపోతారు. తిరిగే ఇరుసును (షాఫ్ట్‌ను) మోసే బేరింగు ఎంపికనే తీసుకోండి. కేటలాగ్‌లో రాసిన సామర్థ్యంలో పదో వంతు బరువు మోపితే బాల్ బేరింగు ఆయువు వంద కోట్ల చుట్లు. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే షాఫ్ట్ మీద అది సుమారు 11,100 గంటలు, ఆపకుండా నడిపితే ఏడాదీ మూడు నెలలు. కచ్చితంగా అన్ని గంటలు ఉంటుందా? ఉండదు. నూరు బేరింగుల్లో 90 ఆ గడువు దాటుతాయనీ, 10 అంతకు ముందే పోవచ్చనీ ఆ అంకెకు అర్థం. బరువు రెట్టింపైతే ఆయువు ఎనిమిదో వంతుకు, రెండు నెలలకు, పడిపోతుంది. పెద్ద బేరింగు వేస్తే బరువూ ఖర్చూ పెరుగుతాయి. చిన్నది వేసి ముందే మారుద్దామంటే యంత్రం ఆపాలి, మార్చడానికి చెయ్యి దూరే చోటు ఉండాలి. ఆ పదింటిలో ఒకటి పోతే ఫ్యాన్ ఆగిపోతుందా, మనిషి ప్రాణం పోతుందా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కాబట్టి ఒకే జవాబు ఉండదు. ఒప్పించగల కారణంతో ఒకదాన్ని ఎంచుకుని, సంతకం పెట్టి, దానికి బాధ్యత తీసుకోవడం ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇంకొకటి. "వాడు నలుగురిలో మాట్లాడలేడు, రాయలేడు, లెక్కలు మాత్రం వస్తాయి, ఇంజనీరింగ్‌లో వేయండి" అని మీలో కొందరు చెబుతుంటారు. మా రోజులో పెద్ద భాగం డ్రాయింగులు చదవడం, వాటి మీద ప్రశ్నలు రాయడం, మార్పుల నోట్లు తయారుచేయడం, సమీక్షల్లో కూర్చోవడం, వద్దని చెప్పాల్సి వచ్చినప్పుడు ఎందుకు వద్దో అవతలివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. ఇవి తప్పితే ఏమవుతుందో 1981 జులై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో లోకం చూసింది.

అక్కడి హయత్ రీజెన్సీ హోటల్లో నాలుగో అంతస్తు నడవా, దాని సరిగ్గా కింద రెండో అంతస్తు నడవా, రెండూ పైకప్పు నుంచి ఉక్కు కడ్డీలతో వేలాడేవి. మొదటి డ్రాయింగులో కప్పు నుంచి రెండో అంతస్తు దాకా ఒకటే పొడవాటి కడ్డీ. ఏ నడవా బరువును ఆ నడవా కింది నట్టు మోస్తుంది. అలా చేయాలంటే కడ్డీ మధ్యలో నట్టు ఎక్కడానికి చాలా పొడవున మరలు కోయాలి. ఆ ఇబ్బంది తప్పించడానికి కడ్డీని రెండు ముక్కలు చేశారు. పై ముక్క కప్పు నుంచి నాలుగో అంతస్తు దూలం దాకా, కింది ముక్క ఆ దూలం నుంచి రెండో అంతస్తు దాకా. కాగితం మీద చూస్తే చిన్న మార్పే. ఒకే తాడుకు రెండు కుండలను వేర్వేరు ముళ్లతో కట్టడం ఒక సంగతి, కింది కుండను పై కుండ మెడకే కట్టి వేలాడదీయడం ఇంకో సంగతి. ఈ మార్పుతో నాలుగో అంతస్తు దూలం కింది నట్టు మీద రెండు నడవాల బరువూ పడింది. పొడవునా గాడి ఉన్న రెండు ఉక్కు కమ్ములను (ఛానెళ్లను) ఎదురెదురుగా పెట్టి వెల్డింగ్ చేసిన ఆ దూలం విచ్చుకుని, నట్టు అందులోంచి దూసుకుపోయింది. 114 మంది చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు.

తర్వాతి దర్యాప్తులో ఇంకో సంగతి తేలింది. మొదటి డ్రాయింగు ప్రకారం చేసి ఉన్నా ఆ జాయింటు నిబంధనలు అడిగిన బలంలో దాదాపు 60 శాతమే ఇచ్చేది. మార్పు తర్వాత అందులో సగమే మిగిలింది. మార్చిన డ్రాయింగులు ఆమోదం పొందే ముందు ఆ జాయింటును ఎవరూ లెక్కగట్టలేదు. బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులు రద్దయ్యాయి. ఇక్కడ తప్పిపోయిన లెక్క ఎంతటిదో గమనించండి. రెండుతో గుణించడం. కొరవడింది "ఈ మార్పును మళ్లీ లెక్కగట్టింది ఎవరు?" అని ఒక వాక్యం రాసి, జవాబు వచ్చేదాకా డ్రాయింగును ఆపి ఉంచే మనిషి. అలా రాయగల, అడగగల పిల్లల్ని మీరు "వీళ్లకు ఆర్ట్స్ బాగుంటుంది" అని పంపేస్తున్నారు.

రాయడం గురించి ఇంకొక్క మాట. 10 మిల్లీమీటర్ల రంధ్రంలో 10 మిల్లీమీటర్ల షాఫ్ట్ దూరుతుందా? గణితానికి రెండూ సమానం, ఇంజనీరు మాత్రం ఇంకా చెప్పలేనంటాడు. రంధ్రం 10.000 నుంచి 10.015 వరకు, షాఫ్ట్ 9.986 నుంచి 9.995 వరకు ఉండాలని రాస్తే సులువుగా దూరి తిరుగుతుంది. షాఫ్ట్ 10.015 నుంచి 10.024 వరకు అని రాస్తే ప్రెస్ పెట్టి నొక్కాలి, మళ్లీ సులువుగా బయటికి రాదు. రెండిటికీ మధ్య తేడా తల వెంట్రుక మందం కూడా ఉండదు. డ్రాయింగ్ మీద ఆ అంకెలు రాయడం మరచిపోతే, వర్క్‌షాపులో ఎవరికి తోచినట్టు వాళ్లు కోస్తారు, తప్పు వాళ్లది కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాం. ఏ బ్రాంచి తీసుకుంటే జీవితమంతా అందులోనే అని పిల్లల్ని బెదరగొట్టవద్దు. బ్యాటరీ ప్యాక్ ఒక్కటి తయారుకావాలన్నా రసాయనం, వేడి, విద్యుత్తు, పెట్టె బలం, సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే బల్ల మీదికి వస్తాయి. 1996 జూన్ 4న యూరప్‌వాళ్ల ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలోనే, దాదాపు 37 సెకన్లకు దారి తప్పి పేలిపోయింది. ఏరియన్ 4లో చక్కగా పనిచేసిన సాఫ్ట్‌వేర్‌నే అందులో పెట్టారు. కొత్త రాకెట్ అడ్డంగా అంతకన్నా వేగంగా కదులుతుంది, ఆ వేగానికి సంబంధించిన అంకె 32,767 కన్నా పెద్దది పట్టని గడిలో ఇమడలేదు. రాకెట్ కదలిక తెలిసినవాళ్లూ కోడ్ తెలిసినవాళ్లూ ఒకరి పని ఒకరు చదివి ఉంటే దొరికే తప్పు అది. పక్క శాఖ గురించి కుతూహలం ఉన్న పిల్లలు కావాలి మాకు.

ఆడపిల్లలకు ఇది కష్టమైన పని అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత 1943లోనే మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ పూర్తి చేశారు. పట్టా మీద అచ్చయి ఉన్న "అతడు" అన్న మాటను కొట్టేసి "ఆమె" అని రాయాల్సి వచ్చింది. తర్వాత ఆమె భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సలహా ఇవ్వడానికి ఏ ఆధారమూ లేదు, దయచేసి మానేయండి.

డిగ్రీ చేతికొస్తే ఉద్యోగం, జీతం ఖాయమని కూడా హామీ ఇవ్వకండి. డిగ్రీతో వచ్చేది నేర్చుకోవడానికి అనుమతి. ఇంకొకరి పర్యవేక్షణలో కొన్నేళ్లు పని చేశాక గానీ సొంత సంతకానికి విలువ రాదు.

మరి లెక్కల ప్రశ్న బదులు ఏం అడగాలి? మూడు చిన్న పనులు చెబుతాం. అరగంటలో అయిపోతాయి.

స్కేలు పని పైన చెప్పిందే. జవాబు సరిపోయిందా అని చూడకండి, ఊహ తప్పినప్పుడు ముఖంలో ఆసక్తి పెరిగిందా, విసుగు పుట్టిందా అని చూడండి.

రెండోది, మీరు కూర్చున్న గదిలో గాలి ఎంత బరువుంటుందని అడగండి. పొడవు 5 మీటర్లు, వెడల్పు 4, ఎత్తు 3 అయితే 60 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు. మొత్తం 72 కిలోలు, ఒక పెద్దమనిషి బరువు. గాలి సాంద్రత తెలియకపోతే చెప్పేయండి, తప్పు లేదు. గది కొలతలకు టేపు కోసం వెతకకుండా అడుగులేసి, తలుపు ఎత్తు చూసి అంచనా కట్టే పిల్లలను గమనించండి. మేం రోజూ చేసేది అదే. తప్పు ఎంత వరకు పరవాలేదో కూడా తమంతట తాము చెప్పారంటే ఇక వదలకండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పదిహేను అగ్గిపెట్టెలు ఇచ్చి, నచ్చిన ఆకారం ఏదైనా పేర్చమనండి. దాన్ని ఎలా పేర్చాలో బొమ్మ గీయకుండా ఒక పేజీలో రాయమనండి. ఆ పేజీని పక్క గదిలో ఇంకో విద్యార్థికి ఇచ్చి, మాట్లాడకుండా పేర్చమనండి. దాదాపు ఎప్పుడూ వేరే ఆకారమే వస్తుంది. "కుడివైపు" అని ఒకరు ఎటు కూర్చుని రాశారో, ఇంకొకరు ఎటు కూర్చుని చదివారో! అప్పుడు రెండు ఆకారాలూ పక్కపక్కన పెట్టి, రాసినవాళ్లకు చూపించి, ఏమీ అనకుండా ఊరుకోండి. కొందరు చదివినవాళ్లకు తెలివి లేదంటారు. కొందరు కాగితం వెనక్కి లాక్కుని, "కుడి" అన్న మాట కొట్టేసి "కిటికీ వైపు" అని రాస్తారు. ఆ రెండో రకం పిల్లల్ని, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చినా, మా దగ్గరికి పంపండి. లెక్కల్లో వెనకబడి ఉంటే ఆ సంగతి వాళ్లకు దాచకుండా చెప్పండి, మొదటి రెండేళ్లు కష్టపడాలని చెప్పండి, ట్యూషన్ అవసరమైతే చెప్పండి.

జవాబు కచ్చితంగా ఉండే సమస్యలంటేనే ప్రాణమిచ్చే పిల్లలు కొందరుంటారు. వాళ్లను ఇంజనీరింగ్ వైపు తోయకండి. గణితశాస్త్రంలో వాళ్లకు మంచి చోటుంది, అక్కడ ఆనందంగా ఉంటారు.

మీ తరగతికి వచ్చి ఈ పనులు పిల్లలతో చేయించడానికి, వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మాలాంటివాళ్లను పిలవండి. పిలిచేటప్పుడు మా ఉద్యోగాల పేర్లూ జీతాలూ చెప్పమని అడగకండి, మేం గీసిన ఒక డ్రాయింగు, పాడైన ఒక బేరింగు, సాగిపోయిన ఒక బోల్టు వెంట తెమ్మనండి.

ఇట్లు,
వివిధ శాఖల్లో పని చేస్తున్న కొందరు ఇంజనీర్లు